బూరుగు దూది బుజ్జమ్మ

అక్టోబరు 6

కొలతల పుస్తకంలో వెనక నుంచి రాయడం మొదలుపెట్టాను. ముందు నుంచి వచ్చేవి ఏలూరు తూర్పు వీధి ఆడవాళ్ళ భుజాలూ, నడుములూ, చేతి పొడవులూ. వెనక నుంచి వచ్చేది నేను. ఈ పుస్తకం మా ఆయన షఫీ తెరవరు, మా అమ్మాయి జోయా తెరవదు. తెరిచినా అంకెలే అనుకుని మూసేస్తారు.

ఈవేళ మధ్యాహ్నం తాడేపల్లిగూడెం నుంచి ఇద్దరు బైకు మీద వచ్చారు. ఒకడు గడ్డం పెంచిన జయంత్, ఇంకొకడు ఫణికిరణ్. ఫణికిరణ్ ఎంత సన్నమంటే చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టే ఉంది. ఇద్దరినీ చూడగానే గుర్తుపట్టాను. వాళ్ళ కామెడీ వీడియోలు ఫోన్లో పెట్టుకునే కదా జోయా అన్నం తినేది! నవ్వీ నవ్వీ ముద్ద దిగక నీళ్ళు తాగుతుంది.

"మెహర్ గారంటే మీరేనాండి? మాకో ఒళ్ళు కావాలండి," అన్నాడు జయంత్.

ముందు అర్థం కాలేదు. ఫణికిరణ్ ఆడవేషం వేస్తాడట. బుజ్జమ్మ అని ఒక లావుపాటి ఆవిడ. చీర లోపల తొడుక్కోవడానికి పొట్టా, చేతులూ, తొడలూ అన్నీ కలిపి ఒక్క తొడుగులా కుట్టాలి.

"ఎంత లావుండాలండి?" అని అడిగాను.

జయంత్ నా వైపు చూశాడు. వెంటనే కుట్టుమిషను వైపు చూశాడు. "అంటే... మరీ కాదండి. కాస్త పెద్దావిడలాగ," అన్నాడు. గోదావరి నీళ్ళు తాగిన పిల్లాడు, మర్యాద తెలుసు.

ఒప్పుకున్నాను. వీడియో చివర నా పేరు వెయ్యాలని మాత్రం అడిగాను. "దానిదేవుందండీ, పెద్దక్షరాల్తో వేసేద్దాం," అన్నాడు. జోయాకి చెప్పను. ఒకరోజు అన్నం తింటూ చూస్తుంటే చివర్లో అమ్మ పేరు వస్తుంది. అప్పుడు దాని మొహం చూడాలి.

అక్టోబరు 8

కొలతలు తీసుకున్నాను. నావే. తొమ్మిదేళ్ళ తరవాత ఇవాళే. తలుపు గడియ వేసి, అద్దం మీద తువ్వాలు కప్పి తీసుకున్నాను.

నా దగ్గరికి వచ్చే ఎవరి కొలతా నేను పైకి చదవను. టేపు చుట్టి, చూసి, మాట్లాడకుండా రాసుకుంటాను. దర్జీల్లో చాలామంది అంకె పైకి అరుస్తారు, పక్కన కూర్చున్న శిష్యురాలు రాసుకుంటుంది, కొట్లో ఉన్న పదిమందీ వింటారు. నేనలా చెయ్యను కాబట్టే దెందులూరు నుంచి కూడా బస్సెక్కి వస్తారు. ఆ మర్యాద ఈరోజు నాకు నేనే చేసుకున్నాను. టేపు చాలదేమోనని భయపడ్డాను గానీ చాలింది. ఇంకా మిగిలింది కూడా.

పేజీ పైన పేరు దగ్గర 'బుజ్జమ్మ' అని రాశాను.

అక్టోబరు 9

జయంత్ ఒక గోనెసంచి నిండా స్పాంజి ముక్కలు ఇచ్చి వెళ్ళాడు, లోపల కూరమని. ఆ సంచి మంచం కిందికి తోసేశాను. స్పాంజి తొడుక్కుని ఎండలో నుంచుంటే ఆ పిల్లాడు ఉడికిపోతాడు. పైగా నాన్న దాదాపీర్ ఈ ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు పరుపులు కుట్టాడు. ఆయన కూతురు స్పాంజి కూరిందని తెలిస్తే గోరీలోంచి లేచొచ్చి నాలుగు తిడతాడు.

వన్ టౌన్ వెళ్ళి బూరుగు దూది తెచ్చాను. మొహానికి పైట కట్టుకుని గింజలు ఏరాను. "దూదికి బరువుండదే మెహరూ, ఉన్నదంతా గుడ్డదే," అనేవాడు నాన్న. ఏరుతూ ఏరుతూ ఆ కుప్ప మీదే నిద్రపోయాను.

కలలో కిటికీలోంచి బయటికి వెళ్ళాను. కాలువ మీదుగా, రైలు గేటు మీదుగా, వరిచేల మీదుగా నెమ్మదిగా పోతున్నాను. కింద చాలామంది ఉన్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు. అన్నిటికంటే అదే హాయిగా ఉంది. లేచేసరికి జుట్టంతా దూది.

అక్టోబరు 13

పొట్ట ఒక్క ముద్దలా కుట్టేసినా సరిపోతుంది. ఫోన్లో ఎవరు చూడొచ్చారు? కానీ చెయ్యి ఒప్పుకోలేదు. కూర్చుంటే ఎక్కడ మడత పడుతుంది, నుంచుంటే ఎక్కడ సర్దుకుంటుంది, నన్ను నేను పట్టి చూసుకుంటూ కుట్టాను. ఎడమవైపు మడత కుడివైపు దానికంటే కాస్త కిందికి ఉంటుందని ముప్ఫై ఆరేళ్ళకి తెలిసింది. జోయా కడుపులో ఉన్నప్పుడు ఎడమవైపే తిరిగి పడుకునేదాన్ని. దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు.

పైన ఒంటిరంగు బనీను గుడ్డ వేసి, పూర్తయ్యాక కొక్కేనికి తగిలించాను. ఫ్యాను గాలికి కొంచెం కొంచెంగా అటు తిరిగింది, ఇటు తిరిగింది. తల లేదు కాబట్టి ఎవరిదో చెప్పలేం. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నచ్చింది. నిజంగా నచ్చింది. అద్దంలో ఏనాడూ నచ్చనిది కొక్కేనికి వేలాడుతుంటే ఎందుకు నచ్చిందో నాకు తెలియదు.

జోయా స్కూలు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అదేంటమ్మా?"

"పరుపు."

"పరుపుకి చేతులెందుకు?"

"కొత్త రకం."

పడీ పడీ నవ్వింది. నవ్వితే దాని బుగ్గల్లో కళ్ళు మునిగిపోతాయి. తొమ్మిదో తరగతి. అందరూ అచ్చం నా పోలికే అంటారు. అలా అన్నప్పుడల్లా నాకు గర్వంగానూ ఉంటుంది, దానికి క్షమాపణ చెప్పుకోవాలనీ ఉంటుంది.

అక్టోబరు 15

ఫణికిరణ్ వచ్చి తొడుక్కుని చూశాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. "మా అమ్మ కుట్టిన చొక్కా కూడా ఇంత సుఖంగా ఉండదక్కా," అన్నాడు. పొంగిపోయాను.

"అక్కా, నాకు నడక రావట్లేదు. ఒక్కసారి అట్నుంచి ఇటు నడవండక్కా."

నడిచాను. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ నడిచాను. నా నడకని ఇంత శ్రద్ధగా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ చూడలేదు. అయిదోసారికి వాడికి వచ్చేసింది. ముందు కుడికాలు కొంచెం పక్కకి పడటం, మోకాలి దగ్గర చిన్న ఆగుడు, చెయ్యి గోడకేసి వెళ్ళడం, అన్నీ. నేను ఎదురుగా నుంచుని నన్ను చూశాను. భేష్ అన్నాను.

అక్టోబరు 16

మళ్ళీ దూది కల. ఈసారి జోయా కూడా ఉంది.

అక్టోబరు 21

కొల్లేరు వెళ్ళొచ్చాను. కుట్లు ఊడితే సరిచెయ్యడానికి నన్నూ రమ్మన్నారు. షఫీ రోజూ చేపల చెరువులకి ఐసు తోలతారు కాబట్టి తన లారీలోనే గుడివాకలంక దాకా దింపేశారు. "సినిమా వాళ్ళలో కలిసిపోయావన్నమాట. మమ్మల్ని గుర్తుంచుకోండి మేడంగారూ," అని ఏడిపించారు.

నీళ్ళ మీద పొగమంచు ఇంకా విడలేదు. గుర్రపుడెక్క పక్కకి తోసి పడవ కట్టారు. పడవాయన పేరు తోమా, అరవై దాటినట్టుంది. జయంత్ ఆయనకి సీను చెప్పాడు.

"బుజ్జమ్మ పడవలో కాలు పెట్టగానే పడవ మునిగిపోవాలండి తోమాగారూ."

"ఎందుకు మునుగుద్దండి?"

"లావు కదండీ."

తోమా పడవని చూశాడు, వేషంలో ఉన్న ఫణికిరణ్‌ని చూశాడు. "రోజూ దీని మీద పది బస్తాల చేపల మేతేసుకుని చెరువంతా తిరుగుతానండి. ఈయమ్మ ఎంతుంటుంది? మూడు బస్తాలు కూడా ఉండదు. మడిసెక్కితే మునిగిపోయే పడవ కొల్లేట్లో ఎవడు కడతాడండీ?"

తోమా నా వైపు తిరిగి, "మీరెక్కండమ్మా, చూపిస్తాను. నడిమధ్యన కూచోండి. బరువుంటేనే పడవ నిలకడగా ఉంటుంది," అన్నాడు. వేళాకోళం కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే గొంతు అది.

ఎక్కాను. ఊగను కూడా ఊగలేదు. ఆయన కర్రతో తోస్తూ కిక్కిస గడ్డి పక్క నుంచి దూరంగా తీసుకెళ్ళాడు. కెమెరావాళ్ళ గోల వినపడటం మానేసింది. మంచులో గూడబాతులు ఒక్కొక్కటే నీళ్ళ మీదికి దిగుతున్నాయి, అంతేసి పక్షులు, చప్పుడు లేకుండా. చెయ్యి నీళ్ళలో పెట్టాను. ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఒకచోట తోమా కర్ర ఎత్తేసి ఊరుకున్నాడు. పడవ దానంతటదే వెళ్ళింది. ఇక్కడే ఉండిపోతే ఎవరికి ఏం నష్టం అనుకున్నాను.

వెనక్కి వచ్చాక ఫణికిరణ్ ఎక్కాడు. ఎక్కుతూ కాలు జారి నీళ్ళలో పడ్డాడు. ఈత రాదు వాడికి. అందరూ కేకలు పెట్టారు. వాడు మాత్రం మునగలేదు. బూరుగు దూది నీళ్ళు తాగదు కదా! చీర చుట్టూ పరుచుకుని, వెల్లకిలా తేలుతూ, కాళ్ళు కిందికి నొక్కినా పైకే వస్తున్నాడు. మొదట భయపడ్డాడు, తరవాత నవ్వాడు, తరవాత ఊరుకున్నాడు. తోమా చెయ్యి అందించబోతే, "కాసేపుండనివ్వండి, బాగుంది," అన్నాడు కళ్ళు మూసుకుని. ఆ ఒళ్ళు నాది. నా మడతలూ నా కొలతలూ కొల్లేట్లో హాయిగా తేలుతున్నాయి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"మునగాలిరా బాబూ! మునక్కపోతే నవ్వేముంది?" అన్నాడు జయంత్.

చివరికి నడుం చుట్టూ ఇటుకలు పెట్టారు. పడవని నీళ్ళలో దాక్కుని ఇద్దరు కిందికి లాగారు. మెడలోతు నీళ్ళే, తోమా పక్కనే పట్టుకుని ఉన్నాడు, ప్రమాదం లేదు. ఇటుకలు నిలవడం లేదంటే లోపల జేబులు కుట్టింది నేనే. గట్టు మీద కూర్చుని, తడి గుడ్డ మీద, చేతికుట్టుతో, ఇటుకకో జేబు.

తిరిగొచ్చేటప్పుడు ఫణికిరణ్ నా పక్కన కూర్చున్నాడు. "అక్కా, పొద్దున్న వేషంలోనే టీ తాగుదామని దిగానా, ఎవడో వచ్చి నా పొట్టలో వేలు పెట్టి పొడిచి నవ్వాడు. వాడెవడో కూడా నాకు తెలీదక్కా."

"అవునా," అన్నాను.

అక్టోబరు 22

నటన అంటే నటనే. ఇటుకలు లేకుండా మునుగుతుందా? అందరికీ తెలిసిందే కదా.

నవంబరు 3

వీడియో వచ్చింది.

బుజ్జమ్మ నడిచినప్పుడల్లా గేదె అరుపు వేశారు. బుజ్జమ్మ ఎనిమిది ఇడ్లీలు తిని తొమ్మిదోది చంకలో దాచుకుంటుంది. బుజ్జమ్మని చూసి పడవవాడు దండం పెట్టి పారిపోతాడు. బుజ్జమ్మ కాలు పెట్టగానే పడవ అడుక్కి పోతుంది, నాలుగు బుడగలు వస్తాయి. తేలిన సంగతి లేదు. కిందంతా నవ్వే బొమ్మలు. ఒకరెవరో మా పిన్ని అని రాశారు. ఒకరు మా మేడం అని రాశారు.

నా పేరు వచ్చింది. పెద్దక్షరాలే.

జోయా గదిలో ఫోను చూస్తోంది. నేను వంటింట్లో చెవులు రిక్కించుకుని ఉన్నాను. గేదె అరుపు వినిపించింది. నవ్వు వినిపించలేదు. కాసేపటికి బయటికి వచ్చి గ్లాసుడు నీళ్ళు తాగింది. నేను అడగలేదు. అది చెప్పలేదు. తలనొప్పి అని పడుకుంది. చివరిదాకా చూసుండదు. పిల్లలు చివరిదాకా ఎక్కడ చూస్తారు?

నవంబరు 5

జోయా టిఫిను బాక్సు ఖాళీగా వచ్చింది. కడిగి మరీ తెచ్చింది. బాగా తింటోంది.

నవంబరు 8

రత్నమాణిక్యం గారు జాకెట్టు ఇవ్వడానికి వచ్చారు. మంచావిడ, ఎప్పుడూ వట్టి చేతుల్తో రారు. ఈసారి సున్నుండలు తెచ్చారు. "ఏవనుకోకు మెహరూ, ఆ బుజ్జమ్మ వీడియో చూశాక నువ్వే గుర్తొచ్చావే. నవ్వలేక చచ్చాం ఇంటిల్లిపాదీ."

నేనూ నవ్వాను. నవ్వకపోతే కష్టమర్లు మిగలరు. పక్క గదిలో చదువుకుంటున్న జోయా గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ సున్నుండలు దానికీ ఇవ్వబోయి, "వద్దులే తల్లీ, నువ్వు కూడా బుజ్జమ్మవైపోతావు," అని బుగ్గ గిల్లి డబ్బా మూత పెట్టేశారు.

జోయా కూడా నవ్వింది. అచ్చం నాలాగే నవ్వింది.

నవంబరు 11

వీధి చివర కొట్టు దగ్గర ఎవరో గేదెలా అరిచారు. నన్ను కాకపోవచ్చు. మన వీధిలో గేదెలు కూడా ఉన్నాయి.

నవంబరు 15

యూనిఫాం వదులైందంటే జోయా కమీజు రెండు పక్కలా కుట్లు వేశాను. ఎదిగే వయసు, పొడుగవుతోంది. పొడుగైతే సన్నబడతారు. బాక్సు ఖాళీగా వచ్చింది.

నవంబరు 20

బాక్సు ఖాళీగా వచ్చింది.

నవంబరు 24

అందరూ అంటున్నారు, జోయా సన్నబడింది, కళగా ఉందని. రత్నమాణిక్యం గారు, పాలావిడ, చివరికి వాళ్ళ మేనత్త కూడా. నా కూతుర్ని ఇంతమంది మెచ్చుకోవడం ఇదే మొదలు. సంతోషంగా ఉంది. రాసుకోవాలి కదా, చాలా సంతోషంగా ఉంది.

షఫీ మాత్రం అన్నం కలుపుతూ, "పిల్ల మాట్లాడట్లేదు మెహరూ. నేను లారీ తియ్యడానికి లేచేసరికే లేచి కూచుంటంది. అడిగితే నిద్ర పట్టలేదంటంది," అన్నారు.

"వయసండీ. ఆడపిల్లల సంగతి మీకేం తెలుసు?" అన్నాను. ఆ మనిషిని అంత గట్టిగా ఎందుకన్నానో తెలియదు.

నవంబరు 30

కమీజు రెండోసారి కుట్లు వేశాను.

మధ్యాహ్నం నిద్రలో కొల్లేరు కనిపించింది. మంచు, పడవ, తోమా లేడు. జోయా నడిమధ్యన కూర్చుని ఉంది. పడవ ఊగుతోంది. బరువు చాలడం లేదు, ఇంకాస్త బరువుగా కూర్చో అని గట్టు మీద నుంచి అరుస్తున్నాను. అది అటు చూస్తోంది. మెలకువ వచ్చాక చాలాసేపు మిషను తొక్కలేకపోయాను.

డిసెంబరు 5

జయంత్ వచ్చాడు, స్వీటు డబ్బాతో. వీడియోని లక్షలమంది చూశారట. రెండోది తీస్తారట. బుజ్జమ్మకి ఒక కూతురు, చిన్న బుజ్జమ్మ. గణపవరంలో ఒక సన్నపాటి అమ్మాయి దొరికింది, బాగా చేస్తుంది, దానికి కూడా ఒళ్ళు కావాలి.

"పిల్లల కొలతలు మాకు దొరకట్లేదండి. మీ పాపవి పాత కొలతలుంటాయి కదండీ, గోడ మీది ఫొటోలో బొద్దుగా ఉంది కదా. వాటితోనే కుట్టేయండి. ఎవరికీ తెలీదులెండి," అన్నాడు. చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా అన్నాడు. పాప అనీ, బొద్దు అనీ అన్నాడే కానీ ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు.

నేను 'ఛీ పో' అనాలి. 'చూద్దాంలెండి' అన్నాను. స్వీటు డబ్బా తీసుకున్నాను. మజ్జిగ కూడా ఇచ్చాను.

డిసెంబరు 7

కొలతల పుస్తకంలో జోయా పేజీ తీశాను. జూన్‌లో యూనిఫాంకి తీసినవి ఉన్నాయి. కుట్టడానికి కాదు, ఊరికే చూద్దామని. తరవాత దాన్ని పిలిచి టేపు పెట్టాను. టేపు చెప్పింది. నేను రాసుకున్నాను, మాట్లాడకుండా, ఎప్పట్లాగే. ఆ రెండు వరసలూ పక్కపక్కన ఉన్నాయి. జూన్ నుంచి డిసెంబరుకి ఏ పిల్లా అలా దిగిపోదు. ఇరవయ్యేళ్ళుగా కొలతలు తీస్తున్నదాన్ని, నాకు తెలియదా?

"తింటున్నావా?"

"బాక్సు ఖాళీగా తెస్తున్నాగా."

పేజీ తిప్పేశాను.

డిసెంబరు 10

జోయా స్కూల్లో ప్రార్థన దగ్గర పడిపోయింది. కృపావరం టీచర్ ఫోను చేశారు. ఆటోలో ఎలా వెళ్ళానో గుర్తు లేదు. ఆవిడే ఎత్తుకుని ఆసుపత్రికి తెచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లని ఒక ఆడమనిషి ఒంటిచేత్తో ఎత్తగలిగింది. ఆ మాట ఆవిడే చెప్పారు.

"నెలరోజుల్నించీ బాక్సు పక్కనున్న కుసుమకి పెట్టేస్తోందండీ. కుసుమే ఏడ్చి చెప్పింది ఇవాళ. క్లాసులో దీన్ని చిన్న బుజ్జమ్మ అంటున్నారంట. నాకు తెలిసి ఉండాల్సింది. మీరు క్షమించాలండి," అన్నారు టీచర్.

ఇంకా తియ్యని వీడియోలోని పేరు పిల్లలకి ముందే దొరికింది. లేక జయంత్‌కే అక్కడి నుంచి దొరికిందేమో.

సెలైను ఎక్కిస్తున్నారు. ఆసుపత్రి మెట్ల మీద నుంచి జయంత్‌కి ఫోను చేశాను. "కుట్టనండి," అన్నాను. ఎందుకండీ అన్నాడు. "ఒళ్ళు కుట్టనండి," అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను. ఫోను పెట్టేశాను.

డిసెంబరు 11

పొద్దున్న చెప్పేశాను. షఫీ టీకి వెళ్ళారు. జోయా కిటికీ వైపు తిరిగి పడుకుంది. దాని వీపుకి చెప్పాను. ఆ ఒళ్ళు నేనే కుట్టాను, నా కొలతలతోనే కుట్టాను, నీకు చెప్పకుండా దాచాను, అని.

"తెలుసు," అంది.

"పేరు చూశావా?"

"పేరు చివర్లో కదమ్మా వచ్చింది. నాకు ముందే తెలిసిపోయింది. నడక నీదే."

కాసేపయ్యాక అది ఇటు తిరిగింది. కళ్ళు పెద్దవైపోయాయి, బుగ్గలు లేవు.

"క్లాసులో అందరూ నవ్వారు. అది మా అమ్మ నడక అని వాళ్ళకి తెలీదు. నాకొక్కదానికే తెలుసు. ఇంటికొస్తే నువ్వూ నవ్వుతున్నావు రత్నమాణిక్యం గారితో. నీకూ అది నవ్వొచ్చే సంగతేనేమో అనుకున్నాను. అంటే నేను కూడా."

నవంబరు మూడు నుంచి ఇవాళ్టి దాకా. ముప్ఫై ఎనిమిది రోజులు. ఖాళీ బాక్సు చూసి నేను సంతోషపడిన ముప్ఫై ఎనిమిది రోజులు ఆ పిల్ల ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది.

నాకు నవ్వు రాలేదే, భయమేసింది, భయమేస్తే నేను నవ్వుతాను, అని చెప్పాను. ఆ ఒళ్ళు మునగలేదే, తేలింది, నేను చూశాను, ఇటుకలు కట్టి ముంచారు, ఆ జేబులు కూడా నేనే కుట్టాను, అని చెప్పాను. అన్నీ చెప్పాను. ఏడ్చాను. అది ఏడవలేదు. తోమా ఏమన్నాడో రెండుసార్లు చెప్పించుకుంది.

"మూడు బస్తాలు కూడా ఉండదన్నాడా?"

"అన్నాడు," అన్నాను.

"ఇక తిను తల్లీ," అని బతిమాలాను. ఇడ్లీ తెప్పించాను. ముట్టుకోలేదు.

"నువ్వు తింటావా అమ్మా అందరి ముందూ? పెళ్ళికెళ్తే ఎప్పుడైనా కూర్చున్నావా బంతిలో? ఉపవాసం అంటావు, ఆకలి లేదంటావు, ఇంటికొచ్చి వంటింట్లో తలుపేసుకుని తింటావు. నేను నీ దగ్గరే నేర్చుకున్నాను."

ఇది అబద్ధం అని రాద్దామని పెన్ను తీశాను.

డిసెంబరు 12

పంపించేశారు. డాక్టరమ్మ జోయాతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. వారానికోసారి తీసుకురమ్మన్నారు, నన్ను కూడా లోపలికి రమ్మన్నారు. ఒక్కరోజులో తేలే పని కాదమ్మా అన్నారు.

షఫీ మందులకి వెళ్ళారు. గేటు బయట ఇడ్లీ బండి దగ్గర జోయా ఆగింది. బండి చుట్టూ జనం, బస్సుకోసం కొందరు, టీకోసం కొందరు.

"తింటావా?" అన్నాను.

"నువ్వు తింటే."

"సరే, పార్సిలు కట్టించుకుని ఇంటికి..."

"చూశావా," అంది. కోపంగా కాదు, జాలిగా అంది. ఆ జాలి తట్టుకోలేకపోయాను.

ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఖాళీగా ఉంది. అలాంటి స్టూళ్ళు వీడియోల్లో ఎప్పుడు విరుగుతాయో నాకు బాగా తెలుసు. కూర్చున్నాను. అది విరగలేదు. ఆ అబ్బాయి ప్లేటు చేతికిచ్చాడు, నెయ్యీ కారప్పొడీ వేసి, వేడిగా. అందరూ నన్నే చూస్తున్నట్టుంది. సిగ్గేసింది. ఆకలి కూడా వేసింది, నిన్నటి నుంచి ఏమీ తినలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక తల ఎత్తాను. నిజంగానే ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు, నా వైపే. ఎదురుగా గోడ మీది సినిమా పోస్టరు తీస్తున్నాడేమో, నన్నే తీస్తున్నాడేమో. జోయా కూడా వాణ్ణి చూసింది. తరవాత నన్ను చూసింది, ఏం చేస్తానా అని.

రెండో ఇడ్లీ విరిచాను. నెమ్మదిగా నమిలాను. మూడోది కావాలా అని బండి అబ్బాయి అడిగితే కావాలన్నాను, గట్టిగానే.

జోయా పక్క స్టూలు లాక్కుని నా ప్లేటులో చెయ్యి పెట్టింది.